గుమ్మంలో నిలబెట్టకండి

మందుల షాపులో డబ్బు కడదామని ఫోన్ తెరిచాను. బ్యాంకు ముద్ర మెల్లగా విచ్చుకుంది. వెనకే పండుగ శుభాకాంక్షలు, 'అప్పు కావాలా?' అంటూ పలకరింపు! నా వెనక నిలబడ్డవాళ్ళ గొణుగుడు సరేసరి.

దాన్ని 'స్ప్లాష్ స్క్రీన్' అంటారు. లోపల యాప్ సిద్ధమయ్యేదాకా అడ్డుపెట్టే తెర. అంతే దాని పని! అక్కడ ప్రకటనలు వద్దని ఆపిల్ తన సూచనల్లోనే చెప్పింది. 2021లో ఆండ్రాయిడ్ 12 ప్రతి యాప్‌కీ ఆ తెర తనే ఇచ్చింది. బొమ్మ కదలిక ఒక్క సెకను దాటవద్దంది. అయినా మన డిజైనర్లు దాని వెనకే మరో తెర దించుతారు!

ఇంటికొచ్చిన చుట్టాన్ని గుమ్మంలో నిలబెట్టి ఇంటిపేరు వల్లె వేయిస్తామా? ఆడవాళ్ళ టైముకి విలువ కట్టనివాళ్ళు ఇంట్లో ఉన్నది చాలదూ, ఫోన్లో కూడానా?

తలుపు తీయండి నాయనా! మీ పేరు మాకు తెలుసు.