సాక్ష్యం చెప్పేసిన సీటు

ఏటా ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ ముగిశాక వచ్చే ఆదివారం మన చర్చిల్లో ఒక దృశ్యం తప్పదు. ఆరాధన చివర్లో కొత్త చొక్కా వేసుకున్న కుర్రాడు, వెనకే తల్లిదండ్రులు ముందుకొస్తారు. దేవుడు మా బాబుకు కంప్యూటర్ సైన్సులో సీటిచ్చాడని తల్లి కన్నీళ్లతో సాక్ష్యం చెబుతుంది. సంఘమంతా చప్పట్లు కొడుతుంది. కృతజ్ఞతార్పణ కవరు పళ్లెంలో పడుతుంది. మేలు పొంది మరచిపోవడంకన్నా ఇది ఎంతో నయం, కాదనను.

అలా సాక్ష్యం చెప్పిన అబ్బాయి ఒకడు క్రిస్మస్ సెలవులకు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. వాళ్ల నాన్న తాపీమేస్త్రి. నీళ్ల గొట్టంతో గోడ లెవెల్ చూడటం, తూకం గుండు వేలాడదీయడం చూస్తూ పెరిగినవాడు. సివిల్ చదవాలని ఆశ. నాలా ఎండలో నిలబడొద్దని తండ్రి చిట్టీ పాడి మరీ కంప్యూటర్ సైన్సులో చేర్పించాడు. ప్రోగ్రామింగ్ గంట వస్తే ఒళ్లు చల్లబడుతోందన్నాడు కుర్రాడు. 'మరి ఇంట్లో చెప్పావా?' అన్నాను. 'ఎలా చెప్పనంకుల్? సాక్ష్యం చెప్పేశాం కదా!'

ఆ రోజు చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. సీటుకు కృతజ్ఞత చెప్పామనుకున్నాం గాని, పదిహేడేళ్ల పిల్లవాడి బ్రాంచి మీద దేవుని చిత్తమని ముద్ర వేసేశామని గ్రహించలేదు. ఇప్పుడు ఒక సబ్జెక్టు తప్పితే వాడికి అది పరీక్ష తప్పడం కాదు, దేవునికి అవిధేయుడవడం!

సౌలు తన కవచాన్ని దావీదుకు తొడిగింది ద్వేషంతో కాదు, బిడ్డ క్షేమంగా ఉండాలనే. దావీదు దాన్ని తొడుక్కుని నడిచి చూశాడు, తనకు అలవాటు లేదన్నాడు, తీసి పక్కన పెట్టాడు (1 సమూ. 17:38, 39). అక్కడ ఎవరూ దాన్ని తిరుగుబాటు అనలేదు. అయితే తొడుక్కోకుండానే వద్దనలేదన్నది కూడా విద్యార్థులు గమనించాలి. మొదటి సెమిస్టరు ఎవరికైనా కష్టమే. కష్టంగా ఉండటం వేరు, సరిపడకపోవడం వేరు.

మనలో చాలామందికి దైవపిలుపు అంటే సేవకే. నిర్గమకాండంలో దేవుని ఆత్మతో నింపబడిన బెసలేలు (35:30-35) ప్రవక్త కాడు, యాజకుడు కాడు. లోహం, రాయి, చెక్క పనివాడు. అన్నట్టు, ఒంగోలు క్లౌ దొరగారి పేరు చెబితే గుండ్లకమ్మలో 1878 జూలైలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతే గుర్తుకొస్తుంది. ఆయన యవ్వనంలో అమెరికాలోని మిన్నెసోటాలో భూమి కొలిచే సర్వేయరు. 1876-78 కరువులో జనం ఆకలితో మాడుతుంటే బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, వేలమందికి కూలి ఇప్పించగలిగింది ఆ పాత విద్యతోనే. గొలుసు పట్టుకుని మిన్నెసోటాలో తిరిగే కుర్రాడికి ఆ పని ఒంగోలులో అన్నం పెడుతుందని ఎలా తెలుస్తుంది?

కాబట్టి వచ్చే కౌన్సెలింగ్ తర్వాత సాక్ష్యంలో బ్రాంచి పేరు వదిలేద్దామని మా పాస్టరుగారితో అన్నాను. దానికి బదులు సంఘంలోని ఇంజినీర్లు, నర్సులు, టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు మొదటి సంవత్సరం పిల్లలతో ఒక మధ్యాహ్నం కూర్చుని, తాము పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిజంగా ఏం చేస్తారో చెబితే చాలు. జీతం సంగతి పిల్లలకు ముందే తెలుసు.

ఆ అబ్బాయి నాన్నతో మాట్లాడేటప్పుడు నేనూ వెళ్లాను. కొన్ని కాలేజీల్లో మొదటి సంవత్సరం తర్వాత ఖాళీలుంటే, మార్కులుంటే బ్రాంచి మారే వీలుంటుందని చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. 'సివిలంటే ఎండలో నిలబడాలి కదండీ' అని మాత్రం అన్నారు. రెండో సెమిస్టరు పరీక్షలయ్యాక మళ్లీ కూర్చుందామనుకున్నాం.