గట్టి వస్తువు ఏది?



"మా అమ్మ మిక్సీ ఇరవై ఏళ్లు పనిచేసింది. మొన్న మేము కొన్నది రెండేళ్లకే మూలపడింది. ఈ రోజుల్లో వస్తువుల్లో పస లేదండీ!" కుటుంబాలను దర్శించునప్పుడు ఈ మాట మేము తరచుగా వింటున్నాము. ఇందులో నిజమెంత? ఈ నెల కొంచెం ఆలోచిద్దాము.

మొదట ఒక సంగతి గమనించండి. పాత వస్తువులన్నీ గట్టివి కావు. ఆ రోజుల్లో ఏడాదికే పాడైనవి కూడ ఉన్నవి. అవి పాత సామాన్ల బండిలో ఎప్పుడో వెళ్లిపోయినవి. మిగిలిన నాలుగింటిని చూచి, ఆ కాలపు సామానంతా అట్టిదే అని మనం అనుకుంటున్నాము.

అయితే జనుల అనుమానానికి ఆధారమే లేదని చెప్పలేము. 1924 డిసెంబరులో ప్రపంచంలోని పెద్ద బల్బు కంపెనీలు జెనీవాలో ఒక ఒప్పందం చేసుకొన్నవి. మామూలు బల్బు ఆయుష్షు 1000 గంటలకు మించకూడదని నిర్ణయించి, మించిన బల్బులు చేసిన కంపెనీకి జరిమానా వేసినవి. ఎక్కువ కాలం మన్నే బల్బు అదే కరెంటుకు తక్కువ వెలుతురు ఇస్తుందన్న మాట కూడ నిజమే. కాని జరిమానా వేసినది వెలుతురు కోసమేనని నమ్మడం కష్టం.

ఇప్పుడు మన వంటింటి మిక్సీని చూడండి. గిన్నెను మోటారుతో కలిపే చిన్న కప్లరు రబ్బరుతోనో ప్లాస్టిక్‌తోనో ఉంటుంది. "ఇంత ఖరీదైన వస్తువుకు ఇంత నాసి ముక్కా?" అని విసుక్కొంటాము. కాని పసుపుకొమ్ము బ్లేడుకు అడ్డుపడినప్పుడు మోటారుకు బదులు దెబ్బతినేది అదే. చాలా మిక్సీలకు అడుగున ఒక ఎర్ర బటన్ ఉంటుంది. బరువు ఎక్కువైతే అది కరెంటును ఆపివేస్తుంది. మిక్సీని చల్లారనిచ్చి ఆ బటన్ నొక్కితే మళ్లీ తిరుగుతుంది. ఇది తెలియక, మోటారు కాలిపోయిందనుకొని కొత్తది కొనేవారున్నారు. మోటారులోని కార్బన్ బ్రష్‌లు రాపిడికి అరుగుతాయి. వాటిని మార్చితే చాలు.

కనుక ఎన్నడూ పాడవని వస్తువు మంచి వస్తువు అనుకోవద్దు. పాడయ్యే ముక్క విడిగా దొరికి, మన వీధి మెకానిక్ దానిని విప్పి మార్చగలిగితే, అదే మంచి వస్తువు.

సెల్‌ఫోన్ల దగ్గర ఈ తేడా బాగా తెలుస్తుంది. ఒకప్పుడు వెనుక మూతను గోటితో తీసి బ్యాటరీ మార్చుకొనేవారము. ఇప్పుడు చాలా ఫోన్లలో దానిని జిగురుతో లోపల అంటిస్తున్నారు. ఫోన్ పలుచగా ఉండడానికి, నీరు చొరకుండడానికి అది ఉపయోగమే. అయితే లిథియం బ్యాటరీ ఎంత జాగ్రత్తగా వాడినా కొన్నేళ్లకు బలహీనపడుతుంది. ఎండలో, వేడిలో ఉంచితే ఇంకా త్వరగా పాడవుతుంది. అరిగిన బ్యాటరీ గల పాత ఐఫోన్లు హఠాత్తుగా ఆగిపోకుండ వాటి వేగం తగ్గిస్తున్నామని 2017 డిసెంబరులో ఆపిల్ కంపెనీ ఒప్పుకొన్నది. విమర్శలు రాగా బ్యాటరీ మార్పిడి ధరను 79 డాలర్ల నుండి 29 డాలర్లకు తగ్గించింది. బ్యాటరీ ఒక్కటి మార్చగానే చాలామంది ఫోన్లు మళ్లీ చురుకుగా పనిచేసినవి. ఫోన్ ముసలిదైపోయిందని అప్పటికే కొత్తది కొన్నవారి సంగతేమిటి?

ఇది సరదా సంగతి కాదు. ఇడ్లీ పిండి, కారప్పొడి అమ్ముకొని పిల్లలను చదివించుకొనే తల్లికి మిక్సీ ఆగితే ఆ రోజు రాబడి ఆగినట్లే. వాయిదాలు తీరకముందే మూలపడిన ఫోన్ భార్యాభర్తల మధ్య కలహానికి కారణమవుతున్నది. బాగుచేసే పని తగ్గితే బాగుచేసి బ్రతికేవాని పొయ్యి కూడ ఆరుతుంది.

మన కేంద్ర ప్రభుత్వ వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో 'మరమ్మతు హక్కు' విషయమై ఒక కమిటీని నియమించింది. సెల్‌ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు, వ్యవసాయ పరికరాలు దాని పరిశీలనలోనివి. విడిభాగాలు, సమాచారం కంపెనీవారి చేతిలోనే ఉండిపోకూడదన్నది ఇందులోని ఉద్దేశము.

ఈసారి దుకాణానికి వెళ్లినప్పుడు రంగు, తగ్గింపు ధర చూచే ముందు మూడు ప్రశ్నలు అడగండి. దీని విడిభాగాలు మన ఊరిలో దొరుకుతాయా? సర్వీసు సెంటరు ఎంత దూరం? వారంటీ దేనికి వర్తిస్తుంది, దేనికి వర్తించదు? బిల్లు తప్పక తీసుకొని భద్రపరచండి. న్యాయం జరగకపోతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చును.

ఇంట్లో ఏదైనా వస్తువు ఆగిపోతే, పారవేసే ముందు పిల్లలను వెంటబెట్టుకొని మెకానిక్ దగ్గరకు వెళ్లండి. ఏ ముక్క పాడైనదో, ఎందుకు పాడైనదో అతడు విప్పి చూపినప్పుడు వారు నేర్చుకొనేది జీవితాంతం ఉపయోగపడుతుంది.