సముద్రంలో బావి వరలు

పాతబస్తీలో కాపురముండే తెలుగు మేష్టరుకు సముద్రంతో ఏమిటి పని అని మీరడగవచ్చు. మృగశిర కార్తె వచ్చిందంటే మూసీ అవతల బేగంబజారులో చేపల కోసం జనం విరగబడతారు. సరిగ్గా అప్పుడే తూర్పుతీరంలో మరపడవలకు వేట నిషేధం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. చేప గుడ్లు పెట్టే కాలమది.

సరే, పిల్లలు పుట్టాయి, వాటికి ఇల్లేదీ? అడుగునంతా ఈడ్చుకుపోయే ట్రాలు వలలు సముద్రపు నేలను చదును చేసేశాయి. ఇంద్రుడికి వెరచి మైనాకుడు సముద్రంలో దాక్కున్నాడని మన పురాణాలు చెబుతాయి. ఇప్పుడు చేప దాక్కోవడానికి మనమే చిన్న చిన్న మైనాకుల్ని పోతపోసి ముంచవలసి వచ్చింది!

కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ ఈ దిబ్బలకు కాంక్రీటు అచ్చులు తయారుచేసింది. ఒకటి ముక్కోణంగా వుంటుంది. ఇంకొకటి అచ్చంగా మన బావి వరే. కాంక్రీటు మీద ముందు నాచు పడుతుంది, తరవాత ఆలిచిప్పలు అతుక్కుంటాయి, వాటికోసం చిన్న చేపలు, చిన్న చేపల కోసం పెద్దవి వస్తాయి. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద 2023 నాటికి 10 తీరప్రాంతాలకు 732 దిబ్బలు, 126 కోట్ల ఖర్చుతో మంజూరయ్యాయి.

ఏది పడితే అది ముంచితే కుదరదు. అమెరికాలో ఫ్లోరిడా తీరాన 1972లో సుమారు 20 లక్షల పాత టైర్లు ముంచారు. కట్లు తెగి, అవి కొట్టుకుపోయి, పక్కనున్న అసలు పగడాల దిబ్బల్ని నలగగొట్టాయి. 2007లో మళ్ళీ పైకి తీయడం మొదలుపెట్టారు.

ట్రాలు వల ఈ కాంక్రీటుకు తగులుకుంటే చిరిగిపోతుంది. అందుకని పెద్ద పడవవాడు దూరంగా పోతాడు, గాలం వేసే చిన్న పడవవాడికి నాలుగు చేపలు దక్కుతాయి. నాకు నచ్చినది ఇదే. అయితే శాస్త్రజ్ఞులలో ఒక పేచీ వుంది. దిబ్బ దగ్గర చేప పెరుగుతుందా, లేక చెల్లాచెదురుగా వున్నదంతా ఒకచోట చేరుతుందా అని. చేరడమే అయితే పట్టేవాడి పని సులువు చేసినట్టే. కొండగుర్తులు పట్టి రాతినేలను వెదకడం పాత జాలరుల విద్య, ఇప్పుడు జి.పి.ఎస్. చేతిలో వుంటే ఎవడైనా అక్కడికే పోగలడు. ఆ చోట ఎవరు, ఏ వలతో, ఎన్నాళ్ళు వేటాడాలో రాళ్ళు ముంచకముందే జాలరిపేటల పెద్దల్ని కూర్చోబెట్టి తేల్చాలి. కాంక్రీటుకు డబ్బు మంజూరు చేసినంత తేలిక కాదిది.