"జీ" అంటే ఒప్పుకున్నట్టు కాదు సాబ్

పోయిన చలికాలం మా గల్లీలోని ఒక ఖాలాకు తోడుగా ట్రిబ్యునల్‌కు వెళ్లాను. హిమాయత్‌నగర్‌లో ఆటో ఎక్కింది మొదలు ఆబిడ్స్ దాటేదాకా ఆమె ఒకటే మాట. "బేటా, ఇది పేపర్లో రాయవు కదా?" కొడుకు మీద అర్జీ పెట్టిన తల్లి భయం అది. ఇల్లు తన పేరున రాయించుకున్నాక కొడుకు ఖర్చులకు పైసా ఇవ్వడం మానేశాడు. అయినా ఆమెకు తన ఆకలి కంటే వాడి ఇజ్జతే పెద్ద ఫికర్.

లోపల ఆఫీసర్ తెలుగులో గబగబా అడిగారు. "కొడుకు దగ్గరే ఉంటున్నారు కదా? తిండి పెడుతున్నాడు కదా?" ఖాలా తల దించుకుని "జీ సాబ్, జీ" అంది. అదే కాగితం మీదికి ఎక్కింది. బయటికొచ్చాక నన్ను అడిగింది, "క్యా పూఛే బేటా ఉనో?"

ఉర్దూ ఇళ్లలో పెరిగినవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. మన "జీ"కి అవును అని ఒక్కటే అర్థం కాదు. వింటున్నాను, చెప్పండి, మీరు పెద్దవారు అనే అర్థాలు కూడా ఉన్నాయి. హాకిమ్ ముందు అది అదబ్. ఆ రోజు ఆ అదబే ఖాలాకు ఖిలాఫ్‌గా గవాహీ అయింది.

ఈ మాట నేను కొత్తగా కనిపెట్టింది కాదు. ఆస్ట్రేలియాలో ఆదివాసీల విషయంలో 1976లోనే నార్తర్న్ టెరిటరీ సుప్రీంకోర్టు దీన్ని గుర్తించింది. అనుంగా కేసులో జస్టిస్ ఫోర్స్టర్ పోలీసులకు కొన్ని ఉసూల్ చెప్పారు. అడిగేవాడికి నచ్చే జవాబు చెప్పడం ఆదివాసీల మర్యాద కావచ్చు, కాబట్టి "అవును"ను అలాగే నమ్మొద్దు. అవసరమైతే తర్జుమా చేసే మనిషి ఉండాలి. అతను భరోసా పెట్టుకున్న ఒక మనిషి పక్కన ఉండాలి. చెప్పింది అర్థమైందో లేదో అతని మాటల్లోనే చెప్పించాలి. 2002లో విక్టోరియా రాష్ట్రంలో మొదలైన కూరీ కోర్టులో ఆదివాసీ పెద్దలు మేజిస్ట్రేట్‌తో పాటు ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. న్యూజిలాండ్‌లో ఇరిహాపెటి రామ్స్‌డెన్ అనే మావోరీ నర్సు ఇంకో మాట చెప్పింది. ఒక చోట మనిషికి హిఫాజత్ ఉందా లేదా తేల్చాల్సింది ఆ చోటును నడిపేవాళ్లు కాదు, అక్కడికి వచ్చినవాళ్లు.

మరి మన దగ్గర చట్టం లేదా? ఉంది. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 2007లో వచ్చింది. నోటీసు అందిన 90 రోజుల్లో ట్రిబ్యునల్ ఫైసలా చేయాలి. 17వ సెక్షన్ వకీల్ వద్దంటుంది. కేరళ హైకోర్టు దాన్ని 2021లో తప్పుపట్టింది, అది వేరే బహస్. కానీ 18వ సెక్షన్ ఎంతమందికి తెలుసు? తల్లి కోరితే మెయింటెనెన్స్ ఆఫీసర్ ఆమె తరఫున నిలబడాలి. మా ఖాలాకు ఆ మాట ఎవరూ చెప్పలేదు. 2017లో తెలంగాణలో ఉర్దూ రాష్ట్రమంతటా రెండో అధికార భాష అయింది. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం ఏ అధికారికైనా రాష్ట్రంలో వాడుకలో ఉన్న జబాన్‌లో ఫిర్యాదు పెట్టుకోవడం మన హక్. తమాషా ఏంటంటే వకీల్, అర్జీ, ఫిర్యాదు, వాయిదా, జామీను, దస్తావేజు అంటూ తెలుగు కచేరీ సగం మన లఫ్జ్‌లతోనే నడుస్తుంది. మన అమ్మలకు మాత్రం అక్కడ ఏం జరుగుతుందో సమజ్ కాదు.

ఇక్కడ మనం మన తారీఖ్‌ను కూడా ఈమాన్‌దారీగా చూసుకోవాలి. నిజాం రియాసత్‌లో కచేరీ జబాన్ ఉర్దూ. ఆదిలాబాద్ అడవుల్లోని గోండులకు ఆ జబాన్ రాదు. పట్టా అంటే ఏంటో తెలియకుండానే వాళ్ల భూములు పోయాయి. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్‌ను కాల్చి చంపాక గానీ సర్కార్ వాళ్ల గోడు వినలేదు. తర్వాత హైమెండార్ఫ్ చొరవతో మార్లవాయిలో గోండు టీచర్లకు తర్బియత్ మొదలైంది. ఈ రోజుకీ గోండీ ఎనిమిదో షెడ్యూల్‌లో లేదు. ఖాలా కోసం మనం అడిగేది ఉట్నూరు ఆఫీసులో నిలబడ్డ గోండు అమ్మకూ దక్కాలి. మన జబాన్ కుర్చీలో ఉన్నప్పుడు వాళ్లకు దొరకనిది, మనం నిలబడ్డప్పుడు మనకొక్కరికే అడగడం ఇన్సాఫ్ కాదు.

అడగాల్సింది పెద్దదేమీ కాదు. నోటీసు ఆమెకు వచ్చిన జబాన్‌లో రావాలి. అర్జీ తీసుకునేటప్పుడే 18వ సెక్షన్ సంగతి చెప్పాలి. వేలిముద్ర వేయించే ముందు బయాన్ చదివి వినిపించాలి. న్యాయ సేవాధికార సంస్థ పారాలీగల్ వలంటీర్లలో ఉర్దూ, గోండీ వచ్చిన ఆడవాళ్లు ఉండాలి. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్లకు, ఎస్టీలకు ఆమ్దానీతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. ఫోన్ నంబర్ 15100, ఫ్రిజ్ మీద రాసి పెట్టుకోండి.

ఒక హెచ్చరిక మనకు కూడా. తోడు పేరుతో దలాల్‌లను పంపొద్దు. "ఇంటి మాట ఇంట్లోనే" అని సులహ్ కోసం ఒత్తిడి తెచ్చే మామూను అసలే పంపొద్దు. మనవాడైనంత మాత్రాన తోడు కాడు. ఆమె ఎంచుకున్న మనిషే తోడు.

రెండో పేషీకి మా గల్లీలో లా చదివే అమ్మాయి వెంట వచ్చింది. ఖాలా చేయి పట్టుకుని పక్కన నిలబడి, ఒక్కో సవాల్‌ను మన జబాన్‌లో చెప్పింది. ఆఫీసర్ కాదనలేదు. "తిండి పెడుతున్నాడా?" అని మళ్లీ అడిగారు. ఖాలా చాలాసేపు ఖామోష్‌గా ఉండి, తల ఎత్తి, "నై సాబ్" అంది.