బాణీ ఎవరిది, పేరు ఎవరిది?

"ఇంట్లో కూర్చుని రికార్డ్ చేశాడు, ఇప్పుడు బ్యాండ్‌తో దేశం తిరుగుతున్నాడు." స్వతంత్ర గాయకుల గురించి ఈ కథ చెప్పినప్పుడల్లా నేనడిగేది ఒకటే: ఏ ఇంట్లో? మా గోరంట్ల కాలనీలో ఒంటిగది ఇళ్లు. ఫోన్‌లో రికార్డ్ పెడితే పక్కింటి కుక్కర్ విజిలూ మేకల అరుపులూ పాటలోకొస్తాయి. తలుపేసుకోవడానికి వేరే గది ఉండటం టాలెంట్ కాదు సార్, తాతల ఆస్తి.

ఇక ఊళ్లు తిరగడం మాకు కొత్తా? జాతరకీ చావుకీ తప్పెట భుజాన వేసుకుని తిరిగినోళ్లమే. దాన్నెవరూ టూర్ అనలేదు.

అరక్కోణం దళిత బిడ్డ అరివును చూడండి. 2018లో చెన్నైలో క్యాస్ట్‌లెస్ కలెక్టివ్‌తో వేదికెక్కాడు. 2021 మార్చిలో వచ్చిన 'ఎంజాయ్ ఎంజామి' రాసింది అతనే, ధీతో కలిసి పాడిందీ అతనే. శ్రీలంక తేయాకు తోటల్లో చాకిరీ చేసిన వాళ్లవ్వ బతుకు ఆ పాటలో ఉంది. అదే ఏడాది ఆగస్టులో రోలింగ్ స్టోన్ ఇండియా కవర్ మీద ధీ ఉంది, అరివు లేడు! పా. రంజిత్ బహిరంగంగా నిలదీశాకే అతని బొమ్మతో ఇంకో డిజిటల్ కవర్ వచ్చింది. ప్రతిభ ఉంటే గుర్తింపు దానంతటదే వస్తుందనే మేధావులు దీనికేమంటారు?

2012 కాపీరైట్ సవరణ తర్వాత పాట రాసినవాళ్లు, బాణీ కట్టినవాళ్లు తమ రాయల్టీ వాటాను కంపెనీకి రాసిచ్చినా చెల్లదు. కానీ "జానపదం" అని ఒక్క ముక్క రాస్తే బాణీకి సొంతదారే ఉండడు. మన అవ్వల పాటలు అలాగే పోతున్నాయి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! అప్‌లోడ్ నొక్కే ముందే పేర్లు రాయండి. తప్పెట కొట్టిన మామ పేరు కూడా.