లంకకు వెళ్ళొచ్చినవాళ్ళు

కార్తీక అమావాస్య వస్తే పల్నాడులోని కారంపూడిలో ఆయుధాలు బయటికొస్తాయి. ఎనిమిది వందల ఏళ్ళ కిందటి వీరుల కొణతాలను నాగులేటిలో కడిగి, పసుపూ కుంకుమా పెట్టి, ఆచారవంతులు భుజానికెత్తుకుంటారు. రాచగావుతో మొదలై కల్లిపాడుతో ముగిసే ఆ అయిదు రోజుల్లో అసలా పల్నాటి యుద్ధం న్యాయమైనదేనా అని అక్కడ ఎవరూ అడగరు. మిగతా ఏడాదంతా అడుగుతారు. తప్పు నాగమ్మదా, బ్రహ్మనాయుడిదా అని తరతరాలుగా వాదించుకుంటూనే ఉన్నాం. సవతి అన్నదమ్ములు కొట్టుకుచచ్చిన పోరు అది. గెలిచినవాడికీ మిగిలిందేమీ లేదు. ఆ వాదన తెగేదాకా కొణతాలు కడగడం ఆపుదామని మాత్రం కారంపూడిలో ఎవరికీ తోచలేదు.

మన కళ్ళముందు జరిగిన ఒక పోరు విషయంలో మనకు ఆపాటి తెలివిడి లేకపోయింది.

1987 జులై 29న కొలంబోలో ప్రధాని రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే భారత్-శ్రీలంక ఒప్పందం మీద సంతకాలు చేశారు. మర్నాడే మన సైన్యం జాఫ్నాలో దిగింది. దానికి శాంతి పరిరక్షక దళమని పేరు. ఆ రోజే కొలంబోలో గౌరవ వందనం అందుకుంటున్న మన ప్రధానిని ఒక శ్రీలంక నావికుడు తుపాకీ తిరగేసి కొట్టాడు. శకునాలు నమ్మేవాళ్ళకు అది చాలు. ముందుగా వెళ్ళిన 54వ పదాతి డివిజన్‌కు కేంద్రం మన సికింద్రాబాదే. అంతకుముందు రేడియో సిలోన్‌లో తెలుగు పాటలు విన్న ఇళ్ళకు లంక అంటే పాట. ఇప్పుడు ఆ ఇళ్ళలో కొన్నింటికి, లంక పేరు వినబడగానే వార్తల కోసం రేడియో గొంతు పెంచాల్సి వచ్చింది.

మొదట్లో జాఫ్నా తమిళులు మనవాళ్ళకు దండలు వేశారు. అక్టోబరు వచ్చేసరికి ఆ వీధుల్లోనే మందుపాతరలు పేలాయి. మన గడ్డ మీదే శిక్షణ పొందిన తమిళ పులులు (ఎల్‌టీటీఈ) మన జవాన్లకు ఎదురు నిలిచారు. అక్టోబరు 11 రాత్రి జాఫ్నా విశ్వవిద్యాలయం మైదానంలో హెలికాప్టర్లలోంచి ముప్ఫైమంది సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీ జవాన్లు దిగారు. వాళ్ళలో ప్రాణాలతో మిగిలింది ఒక్కడు. అతనూ పట్టుబడ్డాడు. నవంబరు 25న మేజర్ రామస్వామి పరమేశ్వరన్ ఛాతీలో గుండు దిగాక కూడా ఎదుటివాడి చేతిలోని తుపాకీ లాక్కుని కాల్చాడు. ఆయనది తమిళ కుటుంబం. ఆ యుద్ధంలో పరమవీర చక్ర దక్కింది ఆయన ఒక్కడికే, అదీ మరణానంతరం. రోజుల్లో తేలిపోతుందనుకున్న పని 32 నెలలు సాగింది. ఒక దశలో 70 వేలకు పైగా జవాన్లు అక్కడున్నారు. దాదాపు 1,200 మంది తిరిగిరాలేదు.

ఎవరి కోసం వెళ్ళారో వాళ్ళకు అక్కర్లేకుండా పోయిన సైన్యం అది. సింహళులు దాన్ని ఆక్రమణ అన్నారు. తమిళులు ద్రోహం అన్నారు. ఇది మనకో వియత్నాం అన్న మాటా వినిపించింది. 1989 జూన్‌లో కొత్త అధ్యక్షుడు ప్రేమదాస బహిరంగంగానే వెళ్ళిపొమ్మన్నాడు. ఆయన ప్రభుత్వమే చాటున పులులకు ఆయుధాలిచ్చిందని తర్వాత బయటపడింది. ఆ గడ్డుకాలంలో మన విదేశాంగ మంత్రి పి.వి. నరసింహారావు. పన్నెండు వందల చావుల మీద ఆయన మౌనం, ఆయన తర్వాతి వాళ్ళ మౌనం, అన్నీ ఒకే భాషలో ఉన్నాయి.

1990 మార్చి 24న చివరి దళం ట్రింకోమలీలో ఓడెక్కింది. మద్రాసులో స్వాగతానికి ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్ళలేదు. తమిళులను చంపి వచ్చిన సైన్యానికి స్వాగతం పలకలేనన్నది ఆయన వైఖరి. దాన్ని ఓట్ల రాజకీయమని కొట్టిపారేయడం తేలిక. కానీ 1987 దీపావళి నాడు జాఫ్నా ఆసుపత్రిలోకి మన దళాలు చొరబడి కాల్పులు జరిపినప్పుడు రోగులు, నర్సులు, డాక్టర్లు కలిపి అరవైమందికి పైగా చనిపోయారు. పోయిన సిబ్బంది ఫొటోలకు ఆ ఆసుపత్రిలో ఏటా ఆ రోజున దండలు వేస్తారు. మనం జవాన్లను తలుచుకోవాలంటే వాళ్ళను తలుచుకోకూడదని ఎవరైనా అంటే, అది తలుచుకోవడం కాదు, లెక్కలు సరిచేసుకోవడం.

అయినా ఆ ఓడ దిగినవాడు ఒప్పందం రాయలేదు. పులులకు శిక్షణ ఇప్పించలేదు. వాళ్ళ మీదికే తుపాకీ ఎత్తమని ఆజ్ఞ ఇచ్చిందీ అతను కాదు. మద్రాస్ రెజిమెంటు పటాలాలూ అక్కడికి వెళ్ళాయి. తమిళుడూ తెలుగువాడూ ఒకే బ్యారక్‌లో పడుకునే రెజిమెంటు అది. తన ఊరి యాసకు దగ్గరగా ఏడుస్తున్న ముసలమ్మ ఇంట్లో సోదా చేయమంటే ఆ తమిళ జవాను ఏం చేసి ఉంటాడు? చేసే ఉంటాడు. ఆ రాత్రి అన్నం తిన్నాడో లేదో మనం అడగలేదు.

మాకు అనుమానం ఒకటి. ఈ మరుపు కాకతాళీయం కాదు. పోయినవాళ్ళ పేర్లు చదవడం మొదలుపెడితే, పంపినవాళ్ళెవరన్న మాట ఎక్కడో ఒకచోట వస్తుంది. ఒక పార్టీ పంపింది, మరో పార్టీ వెనక్కి పిలిచింది, ఇంకో పార్టీ ఎదుర్కోలు మానేసింది. మూడింటికీ ఆ జాబితా ఇబ్బందే. జవాను మీద గౌరవంతో ప్రశ్నలు మానాలని మనకు తరచూ చెబుతుంటారు. లంక విషయంలో జరిగింది దానికి తలకిందులు: ప్రశ్నలు తప్పించుకోవడానికి జవానునే మరిచారు.

యుద్ధాన్ని ప్రశ్నిస్తూనే జవానును తలుచుకోవచ్చన్న పాఠం అమెరికావాళ్ళు మనకంటే ముందు, మనకంటే ఎక్కువ ఖరీదుకు నేర్చుకున్నారు. వియత్నాం నుంచి వచ్చినవాళ్ళను సరిగా చూసుకోలేదన్న బాధతో, విరాళాలతో, 1982లో వాషింగ్టన్‌లో ఒక నల్లరాతి గోడ కట్టారు. దాని మీద 58 వేలకు పైగా పేర్లున్నాయి. యుద్ధం మంచిదని గానీ చెడ్డదని గానీ ఆ గోడ మీద ఒక్క ముక్క లేదు. దాని నమూనా గీసింది మాయా లిన్ అనే కాలేజీ అమ్మాయి. మన లంక అమరులకు ఒక గోడ కట్టింది, వింతగా, వెళ్ళిపొమ్మన్న లంకే. కొలంబో శివారులో పార్లమెంటు దగ్గర దాదాపు 1,200 పేర్లు చెక్కించింది. దిల్లీ జాతీయ యుద్ధ స్మారకంలోని త్యాగచక్రలో ఆ పేర్లకు చోటు దొరికింది 2019లో. ఈలోగా ఆ పేర్లవాళ్ళ తల్లుల్లో చాలామంది వెళ్ళిపోయారు.

ఇదంతా పెద్దవాళ్ళ లెక్క. ఊళ్ళలో లెక్క వేరు. తాడేపల్లిగూడెం పక్కన మాధవరం ఉంది. మిలటరీ మాధవరమంటేనే గుర్తుపడతారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ ఆ ఊరు మనుషులను పంపింది. అవి తెల్లవాడి యుద్ధాలు. రెండోదైతే, ఊరూరా క్విట్ ఇండియా అంటున్న రోజుల్లో. అలాగని ఆ ఊరు తన పిల్లలను ‘మనవాళ్ళు’, ‘దొరవాళ్ళు’ అని విడదీయలేదు. పేరు రాసింది, దండ వేసింది.

కార్గిల్‌కు ముందు దూరాన చనిపోయిన జవాను దేహాన్ని ఇంటికి పంపే ఆనవాయితీ మన సైన్యంలో లేదు. 1999లో త్రివర్ణ పతాకం కప్పిన పేటికలు టీవీల్లో కనిపించాయి. హైదరాబాద్ కుర్రాడు మేజర్ పద్మపాణి ఆచార్యను రాష్ట్రమంతా తన ఇంటివాడనుకుంది. గల్వాన్‌లో పోయిన కర్నల్ సంతోష్ బాబు విగ్రహం సూర్యాపేటలో నిలబడింది. ఆ గౌరవం ఎవరికీ ఎక్కువ కాదు. లంకలో పోయినవాళ్ళలో చాలామందిని అక్కడే దహనం చేశారు. ఇంటికొచ్చింది తెలుపు రంగుతో పేరూ నంబరూ రాసిన ఒక నల్ల ట్రంకుపెట్టె. ఒక ఇంట్లో అలాంటి పెట్టెలో బియ్యం పోసుకోవడం చూశాం. పెట్టె ఖాళీగా ఉంటే చూడలేకపోతున్నామని ఆ ఇల్లాలు చెప్పింది.

జవానుకు ఆసరా అంటే ఏమిటని మమ్మల్ని అడిగితే పెద్ద మాటలేమీ రావు. చిరునామా చివర 56 ఏపీవో అనే సైనిక తపాలా గుర్తు ఉండే ఒక ఇన్‌లాండ్ ఉత్తరం గుర్తొస్తుంది. గేదె ఈనిందనీ, చెల్లికి సంబంధం కుదిరిందనీ, వర్షాలు లేవనీ ఇంటినుంచి రాసేవాళ్ళు. యుద్ధం తప్పో ఒప్పో అందులో ఉండేది కాదు. ఇంటి పైకప్పు ఎన్ని పెంకుల దగ్గర కారుతోందో ఉండేది. ఉత్తరం మడతపెట్టి జేబులో పెట్టుకున్నవాడికి అదే దేశం. ఇప్పుడు వీడియో కాల్ ఉంది, సిగ్నల్ ఉంటే. ఏటా డిసెంబరు 7న పతాక దినోత్సవమని బడిలో డబ్బా తిప్పుతారు. ఎరుపు, ముదురు నీలం, లేత నీలం పట్టీల చిన్న కాగితం జెండాను గుండుసూదితో చొక్కాకు గుచ్చుతారు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి అది ఎక్కడో రాలిపోయి ఉంటుంది. ఆ డబ్బా డబ్బు నుంచే మాజీ సైనికుల, వితంతువుల సంక్షేమానికి నిధి వెళుతుందని పిల్లలకు ఎవరైనా చెబుతున్నారా? జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం మన ఊరికి ఎంత దూరమో మనలో ఎందరికి తెలుసు? పెన్షన్ కాగితం మీద సంతకం కోసం అక్కడ బెంచీ మీద కూర్చున్న ముసలాయన పక్కన కాసేపు కూర్చుంటే చాలు. ఆయనే చెబుతాడు, అడగకుండానే.

మా ఎరుకలో అలా చెప్పినాయన ఒకరున్నారు. ఉత్తరాంధ్ర మనిషి. ఊళ్ళో అందరికీ మిలటరీ మావయ్య. 1990లో సెలవు మీద ఇంటికొచ్చినప్పుడు బస్సు దిగిన చోటే, “లంకలో బంగారం చవకంట గదా, ఎంత తెచ్చావురా?” అని అడిగారట. ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆయన్ని ఆ యుద్ధం గురించి ఎవరైనా అడిగింది అంతే.

ఆయన ఇంటికీ పొలానికీ మధ్య తాటితోపు ఉంది. జాఫ్నా అంతా తాటితోపులేనట. “మన నేల్లాగే ఉంటాది బాబూ. ఎర్రమట్టి, తాటాకు దడి, గట్టున నుయ్యి. అదే బెడద. ఊరొచ్చేశానేమో అనిపిస్తాది. కానీ ఏ చెట్టు మీద ఎవడున్నాడో తెల్దు.” ఇప్పటికీ పొద్దుగూకితే ఆయన తోపులోంచి రాడు. చెరువు గట్టు చుట్టూ తిరిగి, అరగంట ఆలస్యంగా ఇల్లు చేరతాడు. పాము భయమనుకుంటారు ఊళ్ళో. భార్యకు తెలుసు. అందుకే ఆ వేళకి వీధి దీపం వేసి, ఏమీ అడగకుండా, కాళ్ళకు నీళ్ళు పెడుతుంది. ఎండాకాలంలో మనవడు ఆ తోపులోంచే ముంజలు కొట్టించుకొస్తాడు. అవి మాత్రం తాతా మనవడూ అరుగు మీద కూర్చుని, బొటనవేలితో పొడుచుకుని తింటారు.