ఆటకు కాదు, అందానికి మార్కులా?

హార్వర్డ్ అంటే చదువులకు పెట్టింది పేరు. అక్కడి పురుషుల ఫుట్‌బాల్ జట్టు 2012లో ఓ జాబితా తయారుచేసింది. మహిళల జట్టులోకి కొత్తగా వచ్చిన అమ్మాయిలకు అందచందాలను బట్టి అంకెలు వేసి, బూతు వ్యాఖ్యలు జోడించి ఈ-మెయిల్‌లో పంచుకున్నారు. ఒకే విశ్వవిద్యాలయం పేరు మీద ఆడే పిల్లలు వీళ్లంతా!

విద్యార్థుల పత్రిక క్రిమ్సన్ 2016 అక్టోబరులో గుట్టు విప్పింది. ఎప్పటిదో కుర్రచేష్ట అని కొట్టిపారేద్దామంటే, ఈ తంతు 2016లోనూ సాగిందనీ, ఆటగాళ్లు మొదట్లో నిజం దాచారనీ విచారణలో తేలింది. అంటే సీనియర్లు జూనియర్లకు అప్పజెప్పిన ఆచారమన్నమాట. ఆ ఆరుగురు అమ్మాయిలూ తమ పేర్లతోనే అదే పత్రికలో వ్యాసం రాశారు. నవంబరులో విశ్వవిద్యాలయం ఆ సీజన్‌లో మిగిలిన మ్యాచ్‌లన్నీ రద్దు చేసేసింది. అప్పటికి లీగ్‌లో ముందున్నది ఆ జట్టే. కప్పు పోతే పోనీ అనడానికి గుండె కావాలి.

మన పిల్లలు బళ్లారిలో చదివినా, హోసూరు, బరంపురంలో చదివినా యూజీసీ 2015 నిబంధనలు ఒక్కటే. కాలేజీలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. ఘటన జరిగిన 3 నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. కమిటీలో ఎవరున్నారో మీ ఇంటి నుంచి ఆటకు వెళ్లే అమ్మాయిని ఓసారి అడిగి చూడండి.